వెళ్ళొస్తాను అన్న పాపానికి

రోజు 409

ఈ చిట్టా చదివే అధికారి గారికి నమస్కారం. విదేశీ విద్యార్థులు రోజూ వంద మాటలకి మించకుండా చిట్టా రాయాలన్నారు, ఏ భాషలో రాసినా ఫర్వాలేదన్నారు. ఇన్నాళ్ళూ "ల్యాబ్‌కి వెళ్ళాను, వచ్చాను, తిన్నాను, పడుకున్నాను" అని రాసి పంపించాను. మీరెవరూ చదవడం లేదని నాకు తెలుసు. పోయిన నెల మధ్యలో పులిహోర చేసే విధానం మొత్తం రాస్తే ఎవరూ కిక్కురుమనలేదు. ఇవాళ్టి నుంచి మాత్రం నిజంగా రాస్తాను. ఎందుకంటే ఇవాళ నాకు కోపం వచ్చింది.

ముందు పొద్దుటి సంగతి. ల్యాబ్‌లో నా ముప్ఫై ఆరు సున్నం ముద్దలకి మళ్ళీ చీమలు పట్టాయి. నా పరిశోధన పాత కట్టడాల సున్నం మీద. ఈ సొర్వేన్ నగరంలో ఎనిమిది వందల ఏళ్ళ గోడలున్నాయి. వరదల తర్వాత అవి నీళ్ళు తాగి తాగి పొడి రాలుతున్నాయి. మా వైపు పాతకాలం మేస్త్రీలు గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపేవారు. అది ఇక్కడి గోడలకి పట్టుకుంటుందని నా వాదన. అవునో కాదో తేలాలంటే ఆ ముద్దలు ఇంకో చలికాలం ఇక్కడి గాలికే ఆరాలి, నేను పక్కనుండి రోజూ కొలవాలి. అందులో బెల్లం ఉందన్న సంగతి మా ప్రొఫెసర్ కన్నా ముందు చీమలకి తెలిసింది. పొద్దున్న గంటసేపు కుంచె పట్టుకుని చీమల్ని ఊడ్చాను. ఇదీ నా ఉన్నత విద్య.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి తలుపు సందులో కాగితం ఉంది. "పైడిరత్న గారికి. మీ నివాస అనుమతి పొడిగించడం వీలుకాదు. కారణం: మీ పేరున అరవై మూడు రాకలు తీరకుండా ఉన్నవి. 441వ రోజు సాయంత్రం నాలుగింటిలోగా అన్నీ తీర్చనిచో ఊరు విడిచిపోగలరు."

రాకలంటే ఏమిటో నాకు అంతుబట్టలేదు. ఊరు విడిచిపోవడం మాత్రం బాగానే అర్థమైంది. నేను పోతే ముద్దలు చీమలపాలే.

రోజు 410

నగర కార్యాలయంలో గడప విభాగానికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా పేరు ఒరాన్. ఆరడుగుల మనిషి, ఛాతీ దాకా గడ్డం. నోరు తెరవగానే నా చెవిలో ముసలి ఆడగొంతు వినిపించింది.

"కూసో బిడ్డా. ఏమైంది, మొకం గట్ల పెట్టినవ్?"

అది ఆయన తప్పు కాదు. ఇక్కడ అందరికీ చెవి పైభాగాన చిన్న అనువాద యంత్రం ఉంటుంది. దాని అసలు పేరు ఏదో పొడుగ్గా ఉంటే, పాతకాలం చెవి నగలా ఉందని నేను బుగడ అని పేరు పెట్టుకున్నాను. డబ్బు కట్టని రకంలో తెలుగుకి ఒక్కటే గొంతు. ఎవరో జగిత్యాల ఆవిడ తన గొంతు దానం చేసిందట, ఆమె చల్లగా ఉండాలి. దాంతో ప్రొఫెసరైనా, పోలీసైనా, రొట్టెల దుకాణం వాడైనా నాకు జగిత్యాల మేనత్తలాగే మాట్లాడతారు. రాజాం పిల్లనైన నేను మొదటి నెలంతా సగం మాటలు ఊహించుకునేదాన్ని.

ఒరాన్ గోడ మీది తెరలో నా పేరు తెరిచి చూపించాడు. అరవై మూడు గడపలు, పక్కన తేదీలు. మొదటిది గుర్రపుశాల శిథిలం. రెండోది చర్మకారుల బావి. మూడోది రొట్టెల దుకాణం. నేను సున్నం నమూనాల కోసం మొదటి మూడు నెలల్లో గోకిన గోడలన్నీ అందులో ఉన్నాయి.

"ఈ అరవై మూడు తాన్ల నువ్వు మల్ల వస్తనన్నవ్. వచ్చినవా? రాలే," అన్నాడు.

"నేనెప్పుడన్నానండీ?"

ఆయన ఒక గడప మీద వేలు పెట్టాడు. నా గొంతే పలికింది, హుషారుగా: "సరేనండీ, వెళ్ళొస్తాను!"

ఇంకో గడప. "వెళ్ళొస్తానండీ!" ఇంకోటి. "వస్తానండీ!"

ఇక చాలన్నట్టు చేయి అడ్డం పెట్టాను.

వరదలయ్యాక ఊళ్ళో మనుషులకన్నా ఇళ్ళు ఎక్కువైపోయాయి. ప్రతి పాత ఇంటి అడుగునా నీళ్ళు తోడే పంపు తిరుగుతూ ఉండాలి, అన్నిటికీ సరిపడా కరెంటు లేదు. అందుకని ఒక చట్టం పెట్టుకున్నారు. ఎవరైనా ఉంటున్న ఇంటికీ, ఎవరైనా వస్తానని మాటిచ్చిన కట్టడానికీ పంపు తిప్పుతారు. ఎవరూ వస్తామనని దాన్ని మైనం పూసి మూసేస్తారు. దాన్ని వీళ్ళు నిద్రపుచ్చడం అంటారు. మాట వినడానికి ప్రతి గుమ్మం కిందా ఒక గడపరాయి ఉంటుంది, విన్నాక అంచున ఆకుపచ్చగా వెలుగుతుంది. నేను వెళ్ళొస్తానన్న ప్రతిసారీ వెలుగుతుంటే మర్యాద కోసం అనుకున్నాను. తిరిగి థ్యాంక్స్ కూడా చెప్పాను.

"అంటే నా వల్ల అరవై మూడు పంపులు..."

"ఉత్తగనే తిరుగుతున్నయ్," అన్నాడు ఒరాన్. "మా దగ్గర పొయ్యేటప్పుడు ఎవలైనా 'ఇగ వదిలిన' అంటరు. మల్ల వస్తననుడు పెద్ద మాట బిడ్డా. పెండ్లి మాటంత పెద్దది. ఇక్కడ ఇల్లున్నోళ్ళకైతే రాకల లెక్క అడగం, వాళ్ళు యాడికి పోతరు? నీ అసొంటి అతిథులకే ఈ లెక్క."

"అరవై మూడు చోట్లకీ మళ్ళీ వెళ్తే సరిపోతుందా?"

"పో, కనవడు, రా. గంతే."

ఎంత తేలిక అనుకున్నాను. లేచి దండం పెట్టి గుమ్మం దాటుతూ ఏమన్నానో మీరు ఊహించగలరు. రాయి ఆకుపచ్చగా వెలిగింది. ఒరాన్ గోడ వైపు చూసి, "అరవై నాలుగు," అన్నాడు.

రోజు 411

పొద్దున్న అమ్మతో మాట్లాడాను. మా అమ్మ రాజాం-బొబ్బిలి బస్సు నడుపుతుంది. నేను ల్యాబ్‌కి బయల్దేరే వేళకి అక్కడ ఆమె క్యారేజీ విప్పే వేళ. ఈ ఇంటి గోడలు మూడడుగుల మందం, లోపల సిగ్నల్ అందదు. అందుకని గడప మీద వీధి వైపు తిరిగి నిలబడి, బుగడ తీసేసి, స్పీకర్లో మాట్లాడతాను. లోపలి వైపు మా ఇంటావిడ హెల్వి కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తూ ఉంటుంది. ఆవిడకి డెబ్భై ఏళ్ళు. నా మాట వినబుద్ధి కానప్పుడు తన బుగడ తీసి జేబులో పడేసుకుంటుంది. చాలావరకు అది జేబులోనే ఉంటుంది.

అమ్మకి సంగతంతా చెప్పాను.

"ఓలమ్మా! మరి ఎల్లేటప్పుడు ఏటనాలంట?"

"వదిలాను అనాలంటమ్మా."

"సీ! అదేటి మాటే? మనిసిని వదిలీడమేటి? నువ్వలాగనొద్దు. అపసకునం."

"అనకపోతే ఊళ్ళోంచి తోలేస్తారే."

"తోలీనీ. కూడు తిన్నావా నేదా?"

అమ్మతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. "ల్యాబ్‌కి టైమైందమ్మా, ఉంటాను మరి," అన్నాను. అమ్మ ఎప్పటిలాగే, "బేగొచ్చీయే," అంది. ల్యాబ్‌కి వెళ్తున్నానన్నా, స్నానానికి వెళ్తున్నానన్నా ఆమె ఇదే అంటుంది. ఎక్కడికి అంత త్వరగా రావాలో మాత్రం చెప్పదు.

ట్రాములో కూర్చుని ఆలోచించాను. చిన్నప్పుడు ఒకసారి "అమ్మా, పోతున్నాను" అని బడికి బయల్దేరితే మా నాయనమ్మ వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, మళ్ళీ సరిగ్గా చెప్పించి పంపింది. పోతాను అనకూడదు. వెళ్ళొస్తాను అనాలి, లేదంటే వస్తాను అనాలి. ఫోనైతే ఉంటాను అనాలి. వెళ్ళిపోయేవాళ్ళం వస్తానంటాం, ఫోన్ పెట్టేసేవాళ్ళం ఉంటానంటాం. వెళ్ళిపోతున్నానని మర్యాదగా చెప్పడానికి నాకు ఒక్క మాట కూడా నేర్పలేదు.

రోజు 414

ల్యాబ్‌కి మూడు రోజులు సెలవు పెట్టి రాకలు తీర్చడానికి బయల్దేరాను. మొదటి రోజు తొమ్మిది చోట్లకి వెళ్ళాను. సాయంత్రం లెక్క చూసుకుంటే అరవై నాలుగు అరవై నాలుగే. తొమ్మిది తీరాయి, తొమ్మిది కొత్తవి పడ్డాయి.

రెండో రోజు గట్టిగా అనుకుని వెళ్ళాను. రొట్టెల దుకాణంలో ముసలాయన నన్ను చూసి గల్లాపెట్టె వదిలి లేచాడు. "వచ్చినవా! ఏడాదైంది. నీ కోసం స్టూల్ ఉంచిన," అన్నాడు. నిజంగానే మూల ఒక స్టూల్ ఉంది. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదట. నేను కూర్చున్నాను. ఆయన నువ్వుల రొట్టె పెట్టి, డబ్బులు వద్దన్నాడు. అంత మర్యాద చేసిన మనిషికి వెళ్తూ ఏమీ చెప్పకుండా ఎలా? పళ్ళు బిగించి గుమ్మం దాకా వచ్చాను. నా నోరు నా మాట వినలేదు.

ఈ ఊళ్ళో నన్ను చూసి అందరూ అదోలా నవ్వేవారు, కొందరు ముఖం తిప్పుకునేవారు. పరాయిదాన్నని అనుకునేదాన్ని. కాదు. వాళ్ళందరూ నా కోసం ఎదురుచూస్తున్నారు. ఇది తెలిశాక నాకు చాలా సిగ్గేసింది.

రోజు 418

ఒక ఉపాయం తట్టింది, తట్టకుండా ఉంటే బాగుండేది. వెళ్ళొస్తాను అనడం మానలేను కాబట్టి దాని బదులు ఫోన్లో అనే మాట అనేస్తే పోతుంది కదా అనుకున్నాను. చర్మకారుల బావి దగ్గర కాపలాదారుతో, మందుల షాపులో, మళ్ళీ ఖర్మకాలి రొట్టెల దుకాణంలో, చక్కగా చిరునవ్వుతో, "ఉంటానండీ," అన్నాను.

రాయి ఈసారి పసుపుపచ్చగా వెలిగింది. రంగు మారింది కాబట్టి గెలిచాననుకున్నాను.

రొట్టెల ఆయన ముఖం పాలిపోయింది. "బిడ్డా, మా దగ్గర జాగ లేదు. నేను, నా పెండ్లాం, పిండి బస్తాలు. నువ్వు యాడుంటవ్?" అన్నాడు. మందుల షాపామె నయం, అల్మరా వెనక చాప పరిచే చోటు చూపించి, "గురక పెడ్తవా?" అని మాత్రం అడిగింది.

ఒరాన్ కబురు పెట్టాడు. వెళ్తే ఇద్దరు గుమాస్తాలు పక్క గదిలోంచి నన్ను చూడటానికి వచ్చారు.

"ఒక్క దినంల మూడిండ్లల్ల ఉంటనన్నవ్. మా చరిత్రల ఎవలూ గిట్ల చెయ్యలే," అన్నాడు. కోప్పడుతున్నాడో మెచ్చుకుంటున్నాడో ఆ గొంతులో తెలియదు. "ఉంటనంటే ఊరికే కాదు. గడప లోపలున్న ఇంటోళ్ళు 'ఉండు' అంటే నువ్వు ఆ ఇంటి మనిషివే. వాళ్ళు అనకుంటే ఆ మాట అట్లనే ఉండి ఉండి, ఎప్పటికో రాలిపోతది. మందుల షాపామె ఇంకా ఆలోచిస్తనన్నది. నీ అదృష్టం."

ఈసారి బయటికి వచ్చేటప్పుడు రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

రోజు 420

మంచినీళ్ళు. చివరికి దొరికింది ఉపాయం.

గుమ్మం దాటడానికి ముందు సీసాలోంచి నోటి నిండా నీళ్ళు పోసుకుంటాను. బుగ్గలు ఉబ్బించి, తలూపి, చేయి ఊపి వచ్చేస్తాను. వీధిలో ఉమ్మేస్తాను. ఇవాళ పదకొండు రాకలు తీరాయి, కొత్తది ఒక్కటీ పడలేదు.

మనుషులు మాత్రం చిన్నబుచ్చుకుంటున్నారు. రొట్టెల ఆయన స్టూల్ తీసి లోపల పెట్టేశాడు. పంపు నిలబెట్టడానికి ఆయనకి మంగళవారం రొట్టెకి వస్తామనే ఖాతాదారులు బోలెడు మంది ఉన్నారు, నేను రాకపోతే కొంప మునగదు. అయినా స్టూల్ తీసేయడం చూస్తే మనసు చివుక్కుమంది.

ఇంట్లో ఇంకో గొడవ. మధ్యాహ్నం చారు పెట్టాను. హెల్వి వాసన పట్టి వంటింట్లోకి వచ్చేసింది. ఈవిడ ఇల్లంతా సున్నపురాయి. పులుపు తగిలితే రాయి కరిగిపోతుందని ఈ ఊళ్ళో పులుపు వండటం మీద ఆంక్షలున్నాయి. నేను సున్నం మీద పరిశోధన చేసేదాన్ని, నాకు తెలియదా? మూత పెట్టే చేస్తాను.

"చింతపండు వద్దని నూరుసార్లు చెప్పిన," అంది బుగడ గొంతులో. "నా ముత్తాతలు కట్టిన గోడ, నీ చారుకు కరిగిపోవాల్నా?"

"ఆవిరికి గోడ కరగదండీ. కావాలంటే లెక్క వేసి చూపిస్తాను."

ఆవిడ బుగడ తీసి జేబులో వేసుకుంది. నా చింతపండు డబ్బా కూడా చంకన పెట్టుకుని పోయింది. వచ్చిన మొదటి రోజే, "ఏడాదికే గది. తర్వాత వదలాలె," అని చెప్పిన మనిషి. పద్నాలుగు నెలల్లో నాతో ముచ్చటగా ఒక్క మాట మాట్లాడలేదు.

రోజు 436

ఒకటి. ఒక్కటే మిగిలింది!

తీరకుండా మిగిలినచోట "గుండీల మ్యూజియం" అని ఉంది. నాకు సరిగా గుర్తు కూడా లేదు. వచ్చిన మొదటి వారం ఎక్కడో వానకి తడవకుండా ఒక చిన్న గుమ్మంలోకి దూరినట్టు జ్ఞాపకం. జాబితాలో దాని పక్కన మాత్రం ఎర్ర చుక్క ఉంది. మిగతావాటికి లేదు. దారిలోనే కదా అని ఒరాన్ దగ్గర ఆగి అడిగాను.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "దానికి ఉన్న రాక నీదొక్కటే బిడ్డా. ఇంకెవలూ వస్తమనలే. పనిచేసేటోళ్ళ మాట లెక్కకు రాదు. ఈ మూణ్ణెల్ల లెక్క 441 నాడు నాలుగింటికి మూస్తం. ఆ పొద్దుకు రాకల్లేని దాన్ని నిద్రపుచ్చుతరు."

"అంటే నేను వెళ్ళి నా రాక తీర్చేస్తే..."

"మైనం."

"నేను వెళ్ళకపోతే?"

"నీ అనుమతి పాయె."

"పోనీ ఇంకెవరినైనా పంపించి వస్తామని చెప్పిస్తే?"

"ఎవలు చెప్తరు? ఊరికే అంటే శిక్ష. గుండీలు చూసుడానికి మల్లమల్ల వస్తనని ఎవలంటరు?"

ల్యాబ్‌లో అయిదుగురిని అడిగాను. అందరూ మంచివాళ్ళే, అందరూ నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగినట్టు చూసి తప్పుకున్నారు.

రోజు 441

మధ్యాహ్నం మూడింటికి గుండీల మ్యూజియానికి వెళ్ళాను. చేతిలో నీళ్ళ సీసా ఉంది. నిశ్చయించుకునే వెళ్ళాను. నా ముద్దలు ముప్ఫై ఆరు, ఆ గది ఒక్కటి. ఒక మ్యూజియం నిద్రపోతే ప్రపంచం ఆగిపోదు. అది చచ్చిపోవడం కాదు కదా, నిద్రే కదా. ఇలా దారి పొడుగునా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒకే గది. నాలుగు గోడలకీ గాజు బల్లలు, వాటిలో గుండీలు. ఎముకవి, ఇత్తడివి, గవ్వవి, గుడ్డవి. ప్రతిదాని కిందా చిన్న చీటీ. "పడవవాడి చొక్కాది. పెళ్ళిలో ఊడిపోయింది." "న్యాయమూర్తి కోటుది. తీర్పు చెప్తూ తెంపుకున్నాడు." చదువుతూ ఉంటే నవ్వొస్తుంది. పోయినసారి నేను ఒక్కటీ చదవలేదు, వాన ఆగడం కోసం తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను.

కాపలాదారు పేరు ఎల్దో. బక్కపలచని ముసలాయన, కోటుకి మాత్రం అన్ని గుండీలూ సరిగ్గా ఉన్నాయి. నన్ను చూసి గబగబా వచ్చి ఒక బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. అందులో ఒకే ఒక్క గుండీ ఉంది, నీలం ప్లాస్టిక్‌ది. నా వానకోటుది. రాజాం సంతలో కొన్న కోటు. అది ఎక్కడ ఊడిపోయిందో నాకు ఇంతవరకు తెలియదు. కింద చీటీ: "యజమాని రాబోతున్నది."

"నువ్వు పోయినంక దొరికింది," అన్నాడు. "వస్తనన్నవ్ గద, అందుకే దాచిపెట్టిన. ఎవలన్న వచ్చినప్పుడల్లా చూపెడ్త. గీ గుండీ పిల్ల మల్ల వస్తది అని."

 ఇది రాయడానికే కష్టంగా ఉంది. ఏవో నాలుగు నిమిషాలు వానకి నిలబడి, మాటవరసకి అన్న మాట. ఆయన దానికి గాజుబల్ల చేయించాడు.

ఎల్దో బల్ల తెరిచి గుండీ తీసి నా అరచేతిలో పెట్టాడు. "తీస్కపో బిడ్డా. ఒరాన్ అంతా చెప్పిండు. నీ సదువు నీకు ముఖ్యం. నేను మంచిగనే ఉంట, కొండమీద ఇంకో పని ఇస్తరట. ఇగ నేను వదిలిన." అంటే ముందు తనే వీడ్కోలు చెప్పేశాడు, నేను ఏమీ అననక్కర్లేకుండా.

అప్పుడు నాలుగుకి పది నిమిషాలు తక్కువ. గుమ్మం బయట మైనం బకెట్లతో ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు, పాపం వాళ్ళు కూడా తలలు వంచుకునే ఉన్నారు. నేను సీసా మూత తీశాను. నీళ్ళు నోట్లో పోసుకున్నాను. గడప దగ్గరికి వచ్చాను.

నీళ్ళు మింగేశాను.

వెనక్కి వెళ్ళి గుండీని మళ్ళీ బల్లలో చీటీ పైన పెట్టి మూత వేశాను. గడప మీద నిలబడి, రాయికి బాగా వినపడేలా, మా నాయనమ్మ చెప్పించినట్టు స్పష్టంగా అన్నాను: "తాతగారూ, వెళ్ళొస్తాను."

ఆకుపచ్చ దీపం వెలిగింది. మైనం వాళ్ళు బకెట్లు ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఎల్దో కోటు మీద గుండీలు అన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ తడుముకుని చూసుకుంటున్నాడు. నేను వీధి మలుపు దాకా వచ్చి అప్పుడు ఏడ్చాను. తప్పు చేశానని కాదు. నా ముద్దలు గుర్తొచ్చి.

రోజు 441, ఇంకొక పుట

వంద మాటలు ఎప్పుడో దాటిపోయాయి, అయినా రాస్తున్నాను.

ఇంటికొచ్చి పెట్టె సర్దుతున్నాను. ఒరాన్ స్వయంగా వచ్చాడు. అనుమతి రద్దు కాగితం ఇంటి గడప దగ్గరే చదవాలట, అది రూలు. హెల్వి తన పీట మీద చిక్కుడు కాయలతో కూర్చుని ఉంది. బుగడ చెవిలోనే ఉంది, వినాలనుకుందేమో.

"రాక ఒకటి మిగిలింది. కాబట్టి," అని మొదలుపెట్టి ఆగిపోయాడు. చేతిలో పలక మీద ఈ ఇంటి గడప పేరు తెరుచుకుంది. కిందికి జరిపాడు. ఇంకా జరిపాడు. చాలాసేపు జరుపుతూనే ఉన్నాడు.

"ఇదేంది బిడ్డా?"

"ఏంటండీ?"

"గీ గడప మీద నువ్వు ఉంటనన్నవ్. మూడు వందల తొంభై ఒక్కసారి."

నేను పలక వైపు చూశాను. పసుపుపచ్చ గీతలు, ఇంచుమించు రోజుకొకటి. అన్నీ ఉదయం ఎనిమిదింటికే. "ఉంటానమ్మా." "సరే, ఉంటాను మరి." "టైమైంది, ఉంటానే."

"అది మా అమ్మకండీ," అన్నాను. "ఫోన్ పెట్టేసే ముందు అంటాం. దానికి అర్థం ఉంటానని కాదు."

"మరి ఏందర్థం?"

చెప్పబోయి ఆగాను. వెళ్తున్నానని అర్థం, అని చెప్పాలి. అలా చెప్పడానికి నోరు రాలేదు.

ఒరాన్ పలక పక్కన పెట్టి హెల్వి వైపు తిరిగాడు. "ఇంటామె 'ఉండు' అనాలె. అంటే ఈ పిల్ల ఇక్కడి మనిషి, రాకల లెక్కతో పని లేదు. అనకుంటే..."

హెల్వి గింజ ఒలుస్తూనే ఉంది. ఆ ఒక్క కాయలో గింజలు ఎప్పటికీ అయిపోవేమో అనిపించింది. ఏడాదికే గది అన్న మనిషి. ఎనిమిది వందల ఏళ్ళ గోడ. నా చారు. నేను నా పెట్టె వైపే చూస్తూ ఉన్నాను, ఆవిడ ముఖం చూసే ధైర్యం లేక.

"చింతపండు లోపల వద్దు," అంది హెల్వి. "పెరట్ల వండుకో."

ఒరాన్ గడ్డం కదిలింది. "గట్ల కాదమ్మా. ఒక్క మాట చెప్పాలె."

"చెప్తున్న గద! పెరట్ల వండుకో అంటే ఏంది? ఉండకుండనే వండుతదా?" అని కసురుకుని, కాయ గిన్నెలో పడేసి, నా వైపు చూసి అంది:

"ఉండు బిడ్డా."

గడపరాయి ఏ రంగులో వెలిగిందో నేను చూడలేదు. కళ్ళ నిండా నీళ్ళే. మీరు ఒరాన్‌ని అడిగి తెలుసుకోండి.

రోజు 442

నివాసులు చిట్టా రాయనక్కర్లేదట, కాబట్టి ఇదే ఆఖరిది. చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే పులిహోర తినడానికి రండి. పెరట్లోనే.

పొద్దున్నే చీమల్ని ఊడ్చి వచ్చాను. చింతపండు డబ్బా నా గది గూట్లో తిరిగి కనిపించింది, మూత తుడిచి మరీ పెట్టింది. మధ్యాహ్నం గుండీల మ్యూజియానికి బయల్దేరాను, రొట్టెల ఆయన్ని కూడా అటు తీసుకెళ్ళాలి. అక్కడ ఇత్తడి గుండీ ఒకటి వాళ్ళ నాన్నదని ఆయనకి అనుమానం. తేలాలంటే నాలుగైదుసార్లు వెళ్ళి చూడాలట.

తలస్నానం చేశాను, బుగడ బల్ల మీదే ఉండిపోయింది. హెల్వి గడప లోపల కూర్చుని ఉంది. ఆవిడ బుగడ ఎప్పటిలాగే జేబులో. చెప్పులు వేసుకుంటూ అలవాటు కొద్దీ, ఎవరూ జవాబివ్వరని తెలిసీ, "వెళ్ళొస్తానండీ," అన్నాను.

నా వెనక ఒక గొంతు వినిపించింది. జగిత్యాల మేనత్తది కాదు. బొంగురుగా, మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. పద్నాలుగు నెలలుగా గింజలు ఒలుస్తూ నా ఫోన్ స్పీకర్లో రోజూ విని విని నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట, అచ్చం రాజాం యాసలో:

"బేగొచ్చీయే."